నాకా ఎత్తేస్తారన్న ఏటి బెల్లం

మా జగ్గయ్యపేట నుంచి పడమరగా బండి తోలుకుంటూ పోతే, గరికపాడు దాటి, పాలేరు దాటాక ఒకప్పుడు నిజాం రాజ్యం మొదలయ్యేది. అక్కడ కరోడ్‌గిరి నాకా ఉండేది. కరోడ్‌గిరి అంటే సుంకం, నాకా అంటే రోడ్డుకి అడ్డకర్ర వేసి బళ్ళు ఆపే చోటు. ఇటునుంచి అటు వెళ్ళే ఉప్పుకీ, బట్టకీ, బెల్లానికీ బండి ఆపి, బస్తాలు విప్పించి, సుంకం కట్టించుకుని గానీ వదిలేవారు కాదు. నిజాం పాలన పోయింది గానీ నాకా పోలేదు. యాభైల మొదటి ఏళ్ళలో ఆ అడ్డకర్ర రోడ్డు మీద అలాగే ఉండేది. దేశమంతా ఒకటయ్యాక కోదాడవాళ్ళు మన బెల్లానికి సుంకం కట్టడమేమిటని అందరూ అడిగేవారే. నిజం చెప్పొద్దూ, మా ఊరు బతికిందే ఆ నాకా మీద. ముందు అక్కడ ఆగాల్సిందే కాబట్టి సరుకంతా మా బజార్లో దిగేది. అటువైపు బళ్ళు ఆముదాలూ చింతపండూ తెచ్చి దించి, తిరిగి వెళ్ళేటప్పుడు మా సరుకు ఎక్కించుకునేవి. తిట్టుకుంటూ తినే అన్నం అది.

మా అన్నయ్యది బెల్లం కొట్టు, టోకు వ్యాపారం. ఊళ్ళో టోకున బెల్లం అమ్మేవాళ్ళు ముగ్గురే. ఒకరు పెద్ద షావుకారు, వయసు మళ్ళిన మనిషి. ఇంకొకరు మా అన్నయ్య. మూడో ఆయన మా వదినకి సొంత అన్నగారు, అంటే అన్నయ్యకి బావ. రోజూ పొద్దున్నే షావుకారు గారి అరుగు మీద ముగ్గురూ కూర్చుని కాఫీ తాగేవారు. గ్లాసులు కింద పెట్టేలోపల ఆ రోజు మణుగు బెల్లం ధర తేలిపోయేది. ఆ తర్వాత ఎవరి కొట్టుకి వెళ్ళి అడిగినా ఒకటే ధర చెప్పేవారు.

అయితే నోటితో చెప్పే ధర వేరు, బేరం వేరు. అప్పట్లో మా బజార్లో బేరమంతా తువ్వాలు కింద జరిగేది. అమ్మేవాడూ కొనేవాడూ కుడిచేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకుని, ఒకరి వేళ్ళు ఒకరు నొక్కుతూ ధర కుదుర్చుకునేవారు. నోటితో మాత్రం వానల గురించో, ఎద్దుల గురించో మాట్లాడుకునేవారు. పక్కన నిలబడ్డవాడికి ఏమీ తెలిసేది కాదు. తువ్వాలు కింద జరిగింది బయట చెప్పడం మర్యాద కాదు, ఇంకొకడు అడగడం అంతకన్నా కాదు. మా అన్నయ్య ఒక్కడే చాదస్తుడు. అరుగు మీద ఏ ధర అనుకున్నారో తువ్వాలు కింద కూడా అదే నొక్కేవాడు.

నేను బెజవాడలో ఎకనామిక్స్ చదివి, నందిగామ హైస్కూల్లో మేష్టరుగా కుదురుకున్న రోజులవి. శనివారం బడి అయిపోగానే బస్సెక్కి, చిల్లకల్లు దగ్గర మలుపు తిరిగి ఇంటికి వచ్చేవాణ్ణి. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు. నన్ను పెంచింది అన్నయ్యా వదినే. వాళ్ళకి పిల్లలు లేరు. నాకు కోపం తొందర. తెలిసింది చెప్పకుండా ఉండలేను, చెప్పింది వినకపోతే ఊరుకోలేను. బడిపంతులికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

ఆ ఏడు మాఘమాసం నుంచీ ఒకటే పుకారు. నాకా ఎత్తేస్తున్నారట, వచ్చే నెలేనట. బజార్లో ఎవరికి వారు కలెక్టరే తమ చెవిలో చెప్పినట్టు చెప్పేవారు. సుంకం పోతే అవతల బెల్లం చవకవుతుంది, చవకైతే ఎక్కువ కొంటారు, బళ్ళు బారులు తీరతాయి అని ముగ్గురు వ్యాపారులూ లెక్క వేసుకున్నారు. డెల్టా నుంచి కొత్త బెల్లం వస్తున్న సమయం. ముగ్గురూ ఎగబడి కొన్నారు. షావుకారు గారికి ఉప్పూ పప్పూ కూడా ఉన్నాయి, ఒకటి పోయినా ఇంకొకటి ఆదుకుంటుంది. మా అన్నయ్యకి బెల్లం తప్ప ఇంకేమీ లేదు. కొట్టు పెట్టుబడి మొత్తం దిమ్మల రూపంలో మా పెరటి గోడౌనులోకి చేరింది. అది అమ్ముడుపోకపోతే కొట్టు మూసుకోవడమే.

సరుకు చేరిన తర్వాత ఒక ఆదివారం భోజనాలయ్యాక అన్నయ్య వాలుకుర్చీలో కూర్చుని, నాకా పోతే ధర ఏమవుతుందిరా, నీ పుస్తకాల్లో ఉందా అని అడిగాడు. నన్ను ఆయన సలహా అడగడం అదే మొదటిసారి. కొనకముందు అడిగితే ఎంత బావుండేదో అని అనబోయి ఆపుకున్నాను. ఆ సంబరంలో కాగితం కోసం కూడా వెతకలేదు. వదిన వామనగుంటల పీట ముందేసుకుని, చింతపిక్కలతో మొదలుపెట్టాను.

మణుగుకి సుంకం నాలుగు పిక్కలనుకో అన్నాను. ఇప్పుడవి నాకా గుంటలో పడుతున్నాయి. ఆ గుంట పూడ్చేస్తే నాలుగూ ఎవరి గుంటలోకి పోవాలి? ఊళ్ళో అమ్మేవాళ్ళు వందమంది ఉంటే నాలుగూ కొనేవాడికే పోతాయి. ఒకడు ఒక్క పిక్క దాచుకున్నా పక్కవాడు తగ్గించి బేరం లాక్కుంటాడు. అమ్మేవాడు ఒక్కడే అయితే రెండు తను వేసుకుని రెండు వదులుతాడు. ఒక్కడే అయినప్పుడు నాలుగూ ఎందుకు ఉంచుకోడు అని వదిన అడిగింది. నాలుగూ ఉంచుకుంటే కొనేవాడికి ఏమీ తగ్గదు, వాడు ఎప్పుడూ కొనేంతే కొంటాడు. కాస్త వదిలితే ఎక్కువ కొంటాడు, ఆ ఎక్కువ మీద కూడా లాభం వస్తుంది అన్నాను. ఆవిడ తల ఊపింది. ఇక ముగ్గురుండి, ఎవరి లాభం వారు చూసుకుంటే, మూడు పిక్కలు కొనేవాడికి పోతాయి, ఒక్కటి అమ్మేవాళ్ళకి మిగులుతుంది. కాగితం మీద గీతలు తిన్నగా గీస్తే వచ్చే లెక్క ఇది. బజార్లో గీతలు తిన్నగా ఉంటాయని నేను పూచీ ఇవ్వలేదు.

అన్నయ్య నవ్వాడు. మేం ముగ్గురం కాదురా, ఒకే అరుగు మీద కాఫీ తాగేవాళ్ళం, ఒక్కడి కిందే లెక్క, కాబట్టి రెండు పిక్కలు మావి అన్నాడు. అక్కడే నాకు ఒళ్ళు మండింది. మీ ముగ్గురూ ఒక్కడిగా ఉండటం మాటల్లోనే, ఇద్దరు మాట మీద నిలబడితే మూడోవాడు కాస్త తగ్గించి బళ్ళన్నీ తన కొట్టుకి తిప్పుకోవచ్చు, ఆ ఆశ ముగ్గురికీ ఉంటుంది, ఎవడో ఒకడు చేస్తాడు అని గట్టిగానే అన్నాను.

అన్నయ్య నవ్వు ఆగిపోయింది. “ఆ మూడోవాడు ఎవర్రా? షావుకారు గారా, మా బావా, నేనా?”

“లెక్కలో పేర్లుండవు అన్నయ్యా. అన్నీ గుంటలే.”

“గుంటలకి వియ్యాలూ కయ్యాలూ ఉండవురా. మనుషులకి ఉంటాయి” అని లేచి కొట్టుకి వెళ్ళిపోయాడు. వదిన పిక్కలన్నీ ఏరి గిన్నెలో పోసుకుంది.

వచ్చే నెల అన్నది రాలేదు. ఉగాది వెళ్ళింది, శ్రీరామనవమి వెళ్ళింది. నాకా కర్ర అలాగే ఉంది. ఈలోగా ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. పుకారు మా చెవిన పడ్డట్టే అవతలి వాళ్ళ చెవినా పడింది. నాలుగు రోజులాగితే సుంకం లేకుండా కొనుక్కోవచ్చు కదా అని కోదాడ షాపులవాళ్ళు కొనడం మానేశారు. చక్కెర కలుపుకుని తాగారో, చప్పటి కాఫీ తాగారో తెలియదు గానీ, బళ్ళు మాత్రం తగ్గిపోయాయి. వచ్చిన బళ్ళు ఉప్పు వేసుకుని, బెల్లం ధర ఊరికే అడిగి పోయేవి. ఇంకా రాని మార్పు వ్యాపారాన్ని ముందే ఆపేసింది. ఈ సంగతి నా లెక్కలో లేదు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని ఎక్కడ ఇరికించాలా అని ఆలోచించాను.

ముగ్గురూ అరుగు మీద కూర్చుని గట్టిగా ఒక మాట అనుకున్నారు. నాకా ఎత్తేదాకా ధర తగ్గించకూడదు. ఇప్పుడు తగ్గిస్తే కొనేవాడు దానికే అలవాటు పడతాడు, రేపు సుంకం పోయినా మనకి ఒక్క పిక్కా మిగలదు. ఓపిక పట్టాలి. షావుకారు గారు తాంబూలం పళ్ళెం ముందుకు జరిపితే ముగ్గురూ ఒక్కో ఆకు తీసుకున్నారట. అన్నయ్య ఇంటికి వచ్చి ఆ సంగతి గొప్పగా చెప్పాడు. తువ్వాలు కింద ఎవరు ఏం నొక్కుతున్నారో ఎలా తెలుస్తుంది అని అడిగాను. ఆకు పట్టుకున్నాక ఇంకా ఏం తెలియాలిరా అన్నాడు. చూడటానికి వీల్లేని చోట బేరం పెట్టుకుని, అందరూ చూసే చోట ఒట్టు పెట్టుకున్నారు ఆ ముగ్గురూ. అలాంటి పొరపాటు మా బజారు వాళ్ళే చేయగలరు.

ఆ ఏడు వానలు తొందరపడ్డాయి. బెల్లానికి ఎండంటే భయం లేదు, తడిగాలంటే ప్రాణం పోతుంది. ముందు దిమ్మల మీద సన్నగా చెమట పడుతుంది. తర్వాత అంచులు మెత్తబడతాయి. ఆ తర్వాత గోనెసంచీ అంటుకుపోయి, కింద పాకం కారడం మొదలవుతుంది. అన్నయ్య రోజూ లేవగానే గోడౌనులోకి వెళ్ళి దిమ్మ మీద వేలు పెట్టి చూసేవాడు. కొట్టు నుంచి వచ్చి చూసేవాడు. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్ళి చూసేవాడు. వదిన గోడౌను నాలుగు మూలలా కుంపట్లు పెట్టి, గాలి చొరబడకుండా తలుపు సందుల్లో ఊక కుక్కేది. ఆ వేడిలో లోపలికి వెళ్ళి వచ్చేసరికి ఆవిడ మొహం కందిపోయేది. ఇల్లంతా తీపి వాసన. ఈగలు సరే, గోడ పొడుగునా చీమల బారు ఎప్పుడూ ఉండేది.

నందిగామలో ఉన్నా నా ప్రాణం అక్కడే ఉండేది. పాఠం చెబుతుంటే మబ్బు పడితే చాలు, నోట్లో మాట ఆగిపోయేది. మునేరు పొంగిందంటే పిల్లలకి సరదా, నాకు గుండెల్లో రాయి. శనివారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎదురొచ్చే బళ్ళలో ఏముందా అని చూస్తూ వచ్చేవాణ్ణి. ఇంటికి వచ్చాక అన్నయ్య మొహం చూసి ఏమీ అడిగేవాణ్ణి కాదు. ఆయన అరిగిపోతున్నాడని కళ్ళకి కనబడుతూనే ఉంది.

ఒక ఆదివారం బావగారింట్లో వదిన తండ్రి తద్దినం. ఊళ్ళోనే రెండు వీధుల అవతల. అన్నయ్య కొట్టు వదల్లేనన్నాడు. వదినతో నేను వెళ్ళాను. వదిన తల్లి అక్కడే ఉంటుంది, చూపు తగ్గి మంచం పట్టిన మనిషి. వదిన వెళ్ళగానే ముందు ఆవిడ పాదాలు పట్టుకుని కాసేపు కూర్చుని, తర్వాత వంటింట్లో సాయానికి దిగింది. పరమాన్నంలోకి బెల్లం కావాలి. పుట్టి పెరిగిన ఇల్లు కదా, ఎవరినీ అడక్కుండా పళ్ళెం తీసుకుని, అలవాటుగా పెరట్లో గోడౌను వైపు నడిచింది. నేను బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాను. ఆవిడ తలుపు తోసి, గడప మీదే నిలబడిపోయింది. ఏమిటా అని వెనకనుంచి చూశాను. గోడౌను ఖాళీ. నేల కడిగి ఆరబెట్టి ఉంది. గోనెసంచులు మడతపెట్టి ఓ మూల వేసి ఉన్నాయి. చీమలు కూడా లేవు.

బావగారి భార్య వంటింట్లోంచి పరుగున వచ్చి, బెల్లం ఇక్కడే ఉందమ్మా, అటెందుకు వెళ్ళావు అంది. వదిన ఏమీ చూడనట్టు తలుపు మూసి వచ్చింది. భోజనాల దగ్గర బావగారు అన్నయ్య ఆరోగ్యం గురించి, గోడౌనులో తేమ గురించి ఎంతో ఆప్యాయంగా అడిగారు. ఏం చెయ్యాలి, ఓపిక పట్టాలి, ముగ్గురం ఒక మాట అనుకున్నాం కదా అన్నారు. నోరు తెరిస్తే ఏమంటానో నాకే తెలుసు. వదిన వడ్డిస్తూ నా వంక ఒక్క చూపు చూసింది, అంతే, నోరు మూసుకున్నాను.

ఇంటికి వస్తూ వదిన దారిలో ఆగింది. “అబ్బాయ్, నువ్వూ చూశావు కదూ.”

“చూశా వదినా.”

“మీ అన్నయ్యకి చెప్పబోకు. తెలిస్తే ఆ గడప తొక్కరు, నన్ను తొక్కనివ్వరు. లోపల మా అమ్మ ఉంది.”

నేను మాట ఇచ్చాను. ఇచ్చినందుకు ఆ వారమంతా నిద్ర లేదు. చెబితే వదినకి పుట్టిల్లు పోతుంది, మంచం మీది తల్లి దూరమవుతుంది. చెప్పకపోతే అన్నయ్య ఆ ఒట్టు పట్టుకుని కూర్చుంటాడు, కొట్టు కరిగి కాలవలో పోతుంది. కక్కలేను, మింగలేను. పిల్లలకి ఏం పాఠం చెప్పానో గుర్తులేదు. ఒకణ్ణి అన్యాయంగా కొట్టానని మాత్రం గుర్తుంది. నేను చెప్పిందే జరిగింది కదా అని లోపల ఎక్కడో ఒక వెధవ గర్వం కూడా ఉంది. దాని మీద కూడా కోపమే.

ఆ పై శనివారానికి గోడౌను తలుపు కింద నుంచి నల్లటి పాకం సన్నగా బయటికి వచ్చింది. వానలో అది ముంగిట దాకా జారి ఆగింది. అన్నయ్య దాని పక్కన చతికిలబడి, చీపురుతో లోపలికి నెడుతున్నాడు. నెట్టినకొద్దీ మళ్ళీ వస్తోంది. నన్ను చూసి, వచ్చావా అన్నాడు. ఆ సాయంత్రమంతా భార్యాభర్తలిద్దరూ బెల్లం కొట్టిన రాళ్ళలా ఉన్నారు.

ఆదివారం మధ్యాహ్నం వాన ఆగలేదు. అన్నయ్య అన్నం ముందు కూర్చుని కలుపుతూ తినడం లేదు. వదిన మజ్జిగ పోయబోయి, చెంబు కింద పెట్టేసింది.

“మా అన్నయ్య గోడౌనులో బెల్లం లేదండీ. తద్దినం నాడు చూశా. ఎప్పుడో అమ్మేశాడు.”

అన్నయ్య చెయ్యి కంచంలోనే ఉంది.

“నాకు తెలుసు” అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. అన్నయ్య మెల్లిగా చెప్పాడు. వానలు మొదలవకముందే, ఎప్పుడూ మన దగ్గరే కొనే కోదాడ షాపాయన వచ్చాడట. తువ్వాలు కింద చెయ్యి కలిపితే, ఆయన వేళ్ళు ఒక ధర నొక్కాయట. సుంకం మొత్తం తగ్గించిన ధర. నాలుగు పిక్కలూ ఆయనకే. మీ బావగారి కొట్లో చీకటి పడ్డాక ఇదే ధరకి ఇస్తున్నారు, మీరూ ఇస్తే బండి ఇక్కడే కడతా అని చెవిలో అన్నాడట. అన్నయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడట.

“మరి నాకెందుకు చెప్పలేదండీ? మీరెందుకు తగ్గించలేదు?”

“నేనూ తగ్గిస్తే బళ్ళు ఇటు తిరుగుతాయి, బజారుకి తెలుస్తుంది. బావకీ నాకూ చెడుతుంది. చెడితే నువ్వెక్కడికి పోతావు? అక్కడ మీ అమ్మ ఉంది కదా.”

నేను గోడ వైపు తిరిగాను. నెలకి పైగా ఆ మనిషి తన కొట్టు కరిగిపోతుంటే వేలు పెట్టి చూసుకుంటూ తిరిగింది ఇందుకు. ఆ నెలంతా నేను ఆయన్ని మనసులో చాదస్తుడనీ, అమాయకుడనీ, లెక్క రానివాడనీ తిట్టుకున్నాను. ఆయనకి లెక్క వచ్చు. ఆ లెక్కలో వదినకి కూడా ఒక గుంట పెట్టుకున్నాడు. నేను పెట్టలేదు.

వదిన మజ్జిగ చెంబు తీసి ఆయన అన్నంలో పోసింది. “ముందు తినండి” అంది. ఆయన తినడం మొదలుపెట్టాక అంది: “రేపు కొట్టు తెరవగానే అమ్మెయ్యండి. మా అన్నయ్య ఇచ్చినదానికంటే తక్కువకే ఇవ్వండి. మా అమ్మ సంగతి నేను చూసుకుంటా.”

సోమవారం బడికి సెలవు పెట్టి కొట్లో కూర్చున్నాను. అన్నయ్య తువ్వాలు కిందికి దించలేదు. భుజం మీదే ఉంచుకుని, వచ్చిన ప్రతి బండివాడికీ ధర నోటితో చెప్పాడు, వీధి వినేంత గట్టిగా. మొదటి బండివాడు నమ్మలేక, అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు. అన్నయ్య చెయ్యి కలపలేదు. అలా నోటితో ధర చెప్పి అమ్మడం మా బజార్లో నేనెప్పుడూ చూడలేదు. మధ్యాహ్నానికి కొట్టు ముందు బళ్ళు నిలబడ్డాయి. ఆ వారంలో దిమ్మగా ఉన్న బెల్లమంతా పోయింది. కరిగినదాంట్లో కొంత పశువులకి, కొంత ఇల్లు కట్టేవాళ్ళు సున్నంలో కలుపుకోవడానికి తీసుకుపోయారు. లాభం లేదు. కొట్టు మాత్రం నిలబడింది.

తర్వాత బజార్లో ఏమన్నారో చెప్పాలి. ఆకు పట్టుకుని మాట తప్పింది మా అన్నయ్యేనట. షావుకారు గారు అలాగే అన్నారు, ఆయనకి కనబడింది అదే. బావగారు అరుగు మీద కూర్చుని కళ్ళు కూడా తుడుచుకున్నారని విన్నాను. అన్నయ్య పొద్దున్న కాఫీ ఇంట్లోనే తాగడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళి అందరి ముందూ అసలు సంగతి చెప్పేస్తానని లేస్తే, ఆయనే పట్టి కూర్చోబెట్టాడు. తువ్వాలు కింద సంగతి బయట చెప్పేవాడితో రేపు ఎవడు బేరం చేస్తాడురా అన్నాడు. చెప్పినా నమ్మేవాళ్ళెవరు? తువ్వాలు కింద తప్పినవాడు పెద్దమనిషిగానే ఉన్నాడు, నోటితో చెప్పి తగ్గించినవాడు ద్రోహి అయ్యాడు. తల్లిని చూడాలని వదిన ఒకసారి వెళ్ళింది. అమ్మ నిద్రపోతోందని గుమ్మంలోనే చెప్పారు. మళ్ళీ వెళ్ళలేదు.

నాకా నిజంగానే ఎత్తేశారు, ఆ తర్వాత ఎప్పుడో. అప్పుడు అవతల బెల్లం ధర ఎంత తగ్గిందని వాకబు చేశాను. ఊరుకోలేను కదా. దగ్గర దగ్గరగా మూడు పిక్కలు తగ్గింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. అరవైలు వచ్చేసరికి లారీలు బెజవాడ నుంచి తిన్నగా కోదాడ, సూర్యాపేట వెళ్ళిపోతున్నాయి. మా బజార్లో సరుకు దించాల్సిన అవసరం ఎవరికీ లేదు. అన్నయ్య పచ్చళ్ళ సామాను, నూనెలు పెట్టుకుని చిల్లర వ్యాపారంలోకి దిగాడు.

ఇంకొక్క సంగతి మిగిలింది, ఆ వానల ఏటి శ్రావణమాసానిది. ఏటా మొదటి శుక్రవారానికల్లా వదినకి పుట్టింటి నుంచి చీర, పసుపు కుంకుమ వచ్చేవి. ఆ చీర కట్టుకునే పేరంటం చేసేది. ఈసారి ఆ ఛాయలే లేవు. ముందు వారం నేను బస్సుకి బయలుదేరుతుంటే వీధి గుమ్మం దాకా వచ్చి, కొంగు ముడి విప్పి డబ్బు నా చేతిలో పెట్టింది. నందిగామలో ఒక చీర కొనుక్కురమ్మంది. ఇక్కడ కొంటే కొట్టువాడు ఊరంతా చెబుతాడట. ఏ రంగు అని అడిగాను. మా అన్నయ్య ఎప్పుడూ వంకాయ రంగే పంపుతాడు, పచ్చంచు ఉండాలి అంది. నేను నందిగామ బట్టల కొట్లన్నీ తిరిగి, ఆ రంగూ ఆ అంచూ దొరికేదాకా వదల్లేదు. పెళ్ళికాని మేష్టరు చీరలు వెతుకుతున్నాడని అక్కడ నా మీద ఏం పుకారు పుట్టిందో తెలియదు.

శుక్రవారం బడికి సెలవు పెట్టి పక్కగది తలుపు దగ్గర కూర్చున్నాను. పేరంటానికి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. బావగారి పక్కింటావిడ కూడా వచ్చింది. నాకు ఒళ్ళంతా చెవులే. ఆవిడ చూపు వదిన చీర మీదే ఉంది. నానబెట్టిన శనగలు ఒళ్ళో వేయించుకుంటూ, చీర కొత్తదా అని అడిగింది.

“మా అన్నయ్య పంపాడు” అంది వదిన.

పక్కింటావిడ ఏదో అనబోయింది. అప్పుడే అన్నయ్య అరటిపళ్ళ గెల భుజం మీద పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఆడవాళ్ళ మధ్యకి రాకూడదని అక్కడే ఆగాడు. ఆ మాట విన్నాడని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. చీర సంగతి ఆయనకి మేం చెప్పలేదు. గెల కిందికి దించి, గోడకి ఆనించి, చేతులు దులుపుకున్నాడు.

“ఈసారి అంచు బాగా ఎంచాడే మీ అన్నయ్య” అన్నాడు, అందరికీ వినబడేలా.

పక్కింటావిడ శనగలు కొంగున ముడివేసుకుంది. వదిన తలెత్తకుండా, ఆ పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో శనగలు పోసింది.